కదురు ఆకారం

మధ్యలో ఉబ్బి, రెండు కొసలవైపూ క్రమంగా సన్నబడే రూపాన్ని కదురు ఆకారం అంటారు. కండె ఆకారం అన్నా ఇదే. పేరు నూలు వడికే కదురు నుంచి వచ్చింది. ఉత్త కదురు సన్నని పుల్లే. నూలు చుట్టుకునే కొద్దీ దాని నడుము లావెక్కుతుంది, కొసలు మాత్రం సన్నగానే ఉండిపోతాయి.

తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి వినిపించే పుదుచ్చేరిలో ఈ మాటకు ఆ మూడు భాషల్లోనూ చుట్టాలున్నాయి. తమిళులు కదురును ‘కదిర్’ అంటారు. తెలుగు మాట, తమిళ మాట ఒకే ద్రావిడ మూలానివి. ఇంగ్లీషు శాస్త్ర పదం ‘ఫ్యూసిఫార్మ్’ లాటిన్ ‘ఫ్యూసస్’ నుంచి పుట్టింది, దాని అర్థమూ కదురే. ఫ్రెంచివారి ‘ఫ్యూజో’ ఆ లాటిన్ మాట సంతానమే. అందులోంచి వచ్చినదే విమానపు మొండేనికి వాడే ‘ఫ్యూజలాజ్’. ఎంత అందమైన ప్రయాణం! కదురు దగ్గర బయలుదేరిన మాట ఆకాశానికెక్కింది.

ఈ ఊరికి కదురు కొత్త కాదు. 1898లో ఇక్కడ మొదలైన ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లును జనం రోడియర్ మిల్లు అనేవారు. నూలు మిల్లు ఎంత పెద్దదో చెప్పడానికి నేటికీ కదుళ్లనే లెక్కపెడతారు.

ఆకారాన్ని కళ్లారా చూడాలంటే గూబెర్ మార్కెట్‌లో చేపల వరుసల దగ్గర ఆగాలి. ట్యూనా చేపను పక్కనుంచి చూస్తే మూతి కోసుగా, నడుము నిండుగా, తోక మొదలు వేలంత సన్నగా కనిపిస్తుంది. నీరు ఆ ఒంటిని ఒరుసుకుంటూ పెద్దగా సుడులు తిరగకుండా వెనక్కి జారుతుంది. అందుకే తక్కువ శ్రమతో ఎక్కువ వేగం. వృక్షశాస్త్రంలో ముల్లంగి దుంపకూ, శరీరశాస్త్రంలో జబ్బ ముందువైపు కండరానికీ ఇదే పేరు వర్తిస్తుంది.