విహారయాత్రయు శిక్షాస్మృతియు

గోలేటి గనుల కాలనీనుండి పరస్పర ప్రేమగల యిరువురు పురుషులు విదేశవిహారము తలపెట్టినచో, సముద్రపుటందముకంటె ముందు అచ్చటి శిక్షాస్మృతిని విచారింపవలసియున్నది. ఇది నేటి మాట కాదు. 1860లో ఆంగ్లేయులు మనకు విధించిన శిక్షాస్మృతియందలి 377వ సెక్షను, మన తెలుగు కూలీలు ఓడలెక్కి చేరిన బర్మా మలయాలకును వ్యాపించెను. ఆంగ్లేయులో, స్వదేశమున 1967లోనే వయోజనుల సమ్మతిగల యట్టి సంబంధమును నేరములనుండి తొలగించుకొనిరి!

మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షను కోఱలు పెరికినది. సింగపూరు 2022లో తన 377ఏను రద్దుపఱచినది. మలేషియాలోను బర్మాలోను ఆ సంతతి చట్టము నేటికిని నిలిచియున్నది. తెలుగు పలుకు వినవచ్చు వీధిలోనే చెఱసాల భయము. పాశ్చాత్యుల యేలుబడికి లోబడని సయాము, అనగా నేటి థాయిలాండు, 2025 జనవరి 23 మొదలు వారి వివాహమునే నమోదు చేయుచున్నది. కనుక అచ్చటికే పొండని మేము చెప్పుదుము.

అయినను, మరలివచ్చి బెల్లంపల్లిలో రైలు దిగినది మొదలు వారు కేవలము మిత్రులమని చెప్పుకొనవలసివచ్చుచున్నది. అందులకు ఏ సెక్షనును కారణము కాదు.