కృపావిశ్వాసం – డోర్నకల్ సంఘం

నియమాలు పాటించి రక్షణ సంపాదించుకోవచ్చన్న ధోరణిని క్రైస్తవులు ధర్మశాస్త్రవాదం అంటారు. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు ఖండించింది దీన్నే. రక్షణ దేవుని కృప వల్ల, విశ్వాసం ద్వారానే అన్న పౌలు బోధ తెలుగునాట గట్టిగా పరీక్షకు నిలిచిన చోటు నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. సంఘస్థుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. భూస్వాముల చేతికింద బతికేవారికి బాప్తిస్మమంటే బతుకుతెరువునే పణంగా పెట్టడం. అజరయ్య మద్యపానాన్ని సహించేవారు కారు. అయినా ఆ క్రమశిక్షణను కృపకు ఫలంగానే చూడాలి, వెలగా కాదు. స్త్రీలు వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు సంఘానికి పక్కన పెట్టేవారు. గింజలకు కటకటలాడే ఇళ్లలో అంతకు మించిన నమ్మకం ఏముంటుంది? డోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌లో హైందవ, ఇస్లామీయ శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి. విశ్వాసానికి పాశ్చాత్య వేషం షరతుగా ఉండకూడదన్నది అజరయ్య పట్టుదల.