ప్లగ్గు బావిలో ఆయిలు: హోసూరు యంత్రచరిత్రలో ఒక ప్రకరణము

స్పోర్ట్సు కార్ల ఇంజనులో స్పార్కు ప్లగ్గు దిగియుండు లోతైన గొట్టములోనికి ఇంజను ఆయిలు చేరుట మెకానిక్కులందఱు ఎఱిగిన లోపము. దీనిని చూచి ఇంజను బోరుకు వచ్చినదని భ్రమించి, పెద్ద మొత్తములు వ్యయము చేసిన యజమానులు లేకపోలేదు. నిజమునకు పెక్కుమార్లు చెడునది చంటిపిల్ల చేతి గాజంత రబ్బరు సీలు మాత్రమే. ఈ లోపమునకు మూలము తెలియవలెనన్నచో, ప్లగ్గు ఇంజనుపై తన చోటును ఎట్లు మార్చుకొనినదో విచారింపవలెను. ప్రపంచమున ఈ మార్పునకు శతాబ్దమునకు దగ్గఱగా పట్టినది. దాని మూడు దశలును మన హోసూరున నలువది యేండ్ల లోపలనే కానవచ్చుట విశేషము.

1971లో ఏర్పడిన సిప్కాట్ సంస్థ హోసూరున పారిశ్రామికవాటికను నెలకొల్పిన పిమ్మట ఈ సీమ స్వరూపమే మాఱినది. 1980లో అశోక్ లేలాండ్ కర్మాగారము ఇచట వెలసినది. అచటి లారీల డీజిలు ఇంజనులకు స్పార్కు ప్లగ్గుతో పనిలేదు. గాలిని మిక్కిలిగా అదుముటచే పుట్టిన వేడికే ఇంధనము మండును. ఆ యేడే టీవీయస్ సంస్థ తన 50 సీసీ మోపెడును హోసూరు నుండి వెలువరించినది. అది టూ స్ట్రోకు బండి. ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయుదురు. హెడ్డులో వాల్వులు లేవు, కామ్ షాఫ్టు లేదు. ప్లగ్గు గాలికి నిలిచియుండును. ఆయిలు నిలుచుటకు అచట బావియే లేదు. ఇది మొదటి దశ.

2001లో వెలువడిన విక్టర్ ఫోర్ స్ట్రోకు మోటారు సైకిలు రెండవ దశకు సాక్ష్యము. ఇందు కామ్ షాఫ్టు హెడ్డులోనికి వచ్చినది. టాపెట్ కవరు క్రింద ఆయిలు ప్రవహించును. ఐనను ప్లగ్గు హెడ్డు ప్రక్కన, వెలుపలనే నిలిచినది. 2017 డిసెంబరులో వెలువడిన అపాచీ ఆర్‌ఆర్ 310 మూడవ దశ. 2013లో బీఎండబ్ల్యు సంస్థతో కుదిరిన ఒడంబడిక ఫలముగా పుట్టిన ఈ 312 సీసీ ఇంజనున కామ్ షాఫ్టులు రెండు, వాల్వులు నాలుగు. ప్లగ్గు ఆ రెండు షాఫ్టుల నడుమ లోతున దిగినది. చుట్టును ఆయిలు తిరుగుచుండ, దాని నడుమ పొడి బావిలో నిప్పురవ్వ పుట్టవలెను.

ప్లగ్గు నడుమకు చేరుటకు బలమైన కారణము కలదు. సిలిండరు మధ్యమున అంటుకొనిన మంట అన్ని అంచులకును సమాన దూరము నడచి శీఘ్రముగా ముగియును. ఇంజను కొట్టుకొనుట తగ్గును. 1912లో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ గెలిచిన ప్యూజో కారు రెండు కామ్ షాఫ్టులు, సిలిండరునకు నాలుగు వాల్వులు గల నిర్మాణమునకు దారి చూపినది. 1948లో లండనులో ప్రదర్శింపబడిన జాగ్వార్ ఎక్స్‌కే 120 కారున రెండు షాఫ్టులకును వేఱువేఱు కవరులుండెను. ప్లగ్గులు ఆ రెంటి నడిమి లోయలో బయటనే ఉండెను. 1951 నాటి క్రైస్లర్ వీ-8 ఇంజనున ప్లగ్గులు కవరును చీల్చుకొని దిగు ఉక్కు గొట్టములలో అమర్పబడినవి. కన్నింగ్‌హామ్ పందెపు కార్లు ఈ ఇంజనుతోనే లె మాన్ పందెములో పరుగెత్తినవి. 1999 నాటి హోండా ఎస్ 2000 వంటి కార్లలో, నిమిషమునకు 9,000 చుట్లు తిరుగు ఇంజనుకు ఒక్కటే కవరు, గొట్టమునకొక సీలు. చోటు కలిసివచ్చినది గాని, పొడి బావిని కాపాడు భారమంతయు రబ్బరుపై పడినది.

రబ్బరు ఏండ్ల తరబడి వేడికి గట్టిపడి తన పట్టు విడుచును. ఇంజను ఊపిరి గొట్టము పూడినచో లోపలి ఒత్తిడి పెరిగి ఆయిలును ఇంకను బయటికి నెట్టును. బావిలో నిలిచిన ఆయిలు కాయిలు రబ్బరును ఉబ్బించి పాడుచేయును. విద్యుత్తు ప్లగ్గు కొనకు పోక ప్రక్కదారి పట్టును. సమతలమున నెమ్మదిగా పోవునపుడు ఇది తెలియకపోవచ్చును. కృష్ణగిరి నుండి శూలగిరి మీదుగా హోసూరునకు ఎక్కునపుడు మిస్సింగు బయటపడును. ఏలయన, బరువు మీద సిలిండరులో ఒత్తిడి హెచ్చి, రవ్వ పుట్టుటకు ఎక్కువ వోల్టేజి కావలసియుండును. మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును సైతము చెఱచును.

కావున ప్లగ్గును తీసి చూచుటయే మొదటి పరీక్ష. ప్లగ్గు పైభాగమును మరలును మాత్రమే తడిసి, లోపలి కొన పొడిగా ఉన్నచో దోషము బావి సీలుది. లోపలి కొనయే ఆయిలుతో తడిసినచో పిస్టను రింగులనో, వాల్వు సీళ్ళనో అనుమానింపవలెను; బోరు మాట అప్పుడే రావలెను. చల్లారిన ఇంజనున, ప్లగ్గును విప్పుటకు ముందే బావిలోని ఆయిలును పీల్చివేయవలెను. లేనిచో అది సిలిండరులోనికి జాఱును. పిమ్మట కవరును విప్పి, గొట్టపు పై సీలును, కవరు ప్యాకింగును కలిపి మార్చవలెను. కొన్ని ఇంజనులలో గొట్టపు అడుగు కీలు కారును. అపుడు గొట్టమునే ఊడదీసి మరల బిగింపవలెను. కవరు బోల్టులను తయారీదారు చెప్పిన మేరకే, నడుమ నుండి అంచులకు క్రమముగా బిగించుట నియమము. అతిగా బిగించినచో కవరు వంగి, క్రొత్త సీలు సైతము కారును. ఊపిరి గొట్టమును శుభ్రపఱుపనిచో రోగమూలము మిగిలిపోవును.

2004లో ధర్మపురి నుండి విడివడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో, పోచంపల్లి యొద్ద 2021లో ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారము పని ఆరంభించినది. విద్యుత్ మోటారునకు ప్లగ్గు లేదు, బావి లేదు, కారుటకు ఇంజను ఆయిలును లేదు. ప్లగ్గు చరిత్రలో నాల్గవ దశ దాని తిరోధానమే కాగలదు. అట్లని నేడు రోడ్డుపై నున్న పెట్రోలు బండ్లు ఒక్క దినమున మాయము కావు. వానిని బాగుచేయు చేతులకు ఇంకను పెక్కేండ్ల పని కలదు. బోరు, ప్యాకింగు, మిస్సింగు వంటి పలుకులతో షెడ్డులలో నోటి మాటగా నడచు ఈ విద్యను, తెలిసిన పెద్దలుండగనే మన తెలుగున వ్రాసియుంచుట ఈ సీమ తెలుగువారి బాధ్యత. సీలు మార్చినచో తీరు రోగమునకు ఇంజనంతయు విప్పించుకొను కష్టము అపుడు మనవారికి తప్పును.