శక్కర్‌నగర్ నుంచి సన్నగొట్టం దాకా

బోధన్ చుట్టుపక్కల పల్లెల నుంచి మన బడికి వచ్చినవాళ్లకు చెరకు కాలం గుర్తుండే ఉంటుంది. రోడ్డు పొడవునా బండ్లు, వాటి వెనక గడలు లాగుతూ మనం. సార్లకు దొరికిన రోజులు కూడా ఉన్నాయి, అవి ఇక్కడ వద్దు.

1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువలకెక్కాక ఇది చెరకు సీమ అయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చుట్టూ వెలిసిందే శక్కర్‌నగర్. అదే 1937లో, స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆర్నె టిసేలియస్ రక్తరసంలోని ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసే పద్ధతిని ప్రకటించాడు. 1948లో నోబెల్ అందుకున్నాడు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఒక పోలిక నన్ను వదలదు. ద్రావణం చిక్కబడితే అందులో వెలుగు ఎక్కువ వంగుతుంది. చక్కెర ల్యాబ్‌లో రిఫ్రాక్టోమీటరు బ్రిక్స్ చూపేది ఆ వంపుతోనే. టిసేలియస్ ప్రోటీన్ల సరిహద్దులు కనిపెట్టిందీ దానితోనే.

అయితే బ్రిక్స్ రసంలో కరిగినదంతా కలిపి చెబుతుంది, ఏది ఎంతో చెప్పదు. కోసిన చెరకు ఎండలో పడి ఉంటే బరువు తగ్గుతుంది, లోపలి సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. బరువు రైతు నష్టం, విరిగిన చక్కెర ఫ్యాక్టరీ నష్టం. ఎంత విరిగిందో తెలియాలంటే మూడింటినీ వేరు చేయాలి.

1981లో అమెరికాలో జోర్గెన్‌సన్, లుకాక్స్ వెంట్రుకంత సన్నని, 75 మైక్రోమీటర్ల గాజు గొట్టంలో 30 వేల వోల్టుల దాకా పెట్టి ఈ విద్య రూపం మార్చారు. గొట్టంలోని ద్రావణం కాలువలాగా ఒకవైపు పారుతుంది. క్షారం బాగా ఎక్కువగా ఉంటే చక్కెరలకు కొద్దిగా రుణావేశం వచ్చి ఆ పారుదలకు ఎదురీదుతాయి. తక్కువ ఎదురీదే సుక్రోజ్ ముందు వస్తుంది, తర్వాత గ్లూకోజ్, చివర ఫ్రక్టోజ్. చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వచ్చింది ఎవరో పోల్చుకుంటాం. చక్కెరలు అతినీలలోహిత కాంతిని పెద్దగా పీల్చవు గనక, పీల్చే పదార్థాన్ని ముందే ద్రావణంలో కలుపుతారు. చక్కెర వచ్చినచోట అది పలచబడి గీతలో గుంట పడుతుంది.

నేను బోల్తాపడింది ఇక్కడే. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పూర్తిగా విరిచిన సుక్రోజ్‌ను పరీక్షించి, గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువని రాసిచ్చాను. సుక్రోజ్ విరిగితే రెండూ సమానంగా రావాలని మన బడి కెమిస్ట్రీ సారు బల్ల మీద కొట్టి మరీ చెప్పిన సంగతి! తప్పు గొట్టానిది కాదు, నాదే. కాంటా ముందు ట్రాక్టరు ఒక్క క్షణంలో దాటిపోతుంది, అంతే పొడవున్న ఎడ్లబండి దాటడానికి ఎంతో సేపు పడుతుంది. డిటెక్టరు కిటికీ ముందు కూడా అంతే. ఆలస్యంగా వచ్చేది మెల్లగా దాటుతుంది, ఎక్కువసేపు కనబడుతుంది, వైశాల్యం పెద్దదిగా తేలుతుంది. అందుకే వైశాల్యాన్ని చేరిన సమయంతో భాగించాలి. భాగించాను. తేడా చాలావరకు పోయింది.

రిపోర్టు అప్పటికే వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించుకుని, పై అధికారి ముందు నిలబడి, దిద్ది ఇచ్చాను.

2015 చివర్లో బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ గీతల కాగితం మాత్రం నా దగ్గర ఇంకా ఉంది. ఒక్కో గుంట కింద పెన్సిల్‌తో చేసిన భాగహారం.