మెట్లెక్కిన కండక్టర్లు

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన నాటికి బ్రిటన్ వైద్యులను ఒక ప్రశ్న వేధిస్తుండినది. నడివయస్సు మగవారిలో గుండెపోటు మరణాలు ఏటేట పెరుగుతున్నవి, కారణమేమి? మనిషి చేసే పనికీ ఈ జబ్బుకూ సంబంధముండవచ్చునని భావించి, జెర్రీ మారిస్ అనే వైద్యుడు సహచరులతో కలిసి 1949లో పరిశోధనకు పూనుకొన్నాడు.

వారి దృష్టి లండన్ రెండంతస్తుల బస్సులపై పడినది. డ్రైవరు, కండక్టరు ఒకే సంస్థ ఉద్యోగులు, ఇంచుమించు ఒకే వర్గపు మనుషులు. కాని డ్రైవరు పనివేళలో నూటికి 90 పాళ్లు కూర్చునే ఉంటాడు. కండక్టరో, టిక్కెట్లు కోస్తూ దినానికి 500 నుండి 750 మెట్లు ఎక్కుతాడు. (హైదరాబాదులో ఒకప్పుడు తిరిగిన డబుల్ డెక్కరు ఎక్కిన పెద్దలకు ఆ మెట్ల సంగతి తెలుసును.)

ఫలితాలు 1953లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినవి. ఏడాదికి వేయిమంది డ్రైవర్లలో 2.7 మందికి గుండెజబ్బు రాగా, కండక్టర్లలో 1.9 మందికే వచ్చినది.

అయితే, డ్రైవర్లుగా చేరేవారే మొదటినుండి లావుపాటివారేమో? ఈ శంక న్యాయమైనదే. దానిని తీర్చుకొనుటకు పరిశోధకులు యూనిఫారం లాగుల నడుము కొలతలు తిరగవేశారు! డ్రైవర్ల నడుములు, పిన్న వయస్సులో సహా, నిజంగానే పెద్దవని తేలినది. తమ వాదానికి చిక్కు తెచ్చే ఈ సంగతిని వారు దాచక 1956లో ప్రకటించారు. ఈ నిజాయితీ, నా దృష్టిలో, తొలి ఫలితమంత విలువైనది. తరువాత సమానమైన నడుము గలవారినే పోల్చి చూడగా, సన్ననివారిలోను, లావువారిలోను కూడా హఠాన్మరణాలు డ్రైవర్లలోనే హెచ్చుగా కనిపించినవి. లావు ఒక్కటే కారణం కాదన్నమాట.

మరి ఆహారం మాటేమిటి? 1956–66 మధ్య 337 మంది ఆరోగ్యవంతులు ఏడేసి దినాలు తిన్నదంతా తూచి వ్రాసిపెట్టారు. 1976 చివరకు వారిలో 45 మందికి గుండెజబ్బు వచ్చినది. చిత్రమేమంటే, ఎక్కువ కేలరీలు తిన్నవారిలోనే జబ్బు తక్కువ! ఒళ్లు వంచి పనిచేసేవానికి ఆకలి హెచ్చు గదా. అదిగాక, ధాన్యాలలోని పీచు ఎక్కువగా తిన్నవారికి కూడా జబ్బు తక్కువగానే వచ్చినది. ఎందువల్లనో 1977 నాటి వ్యాసంలో వారు వివరించలేకపోయారు. బార్లీ, ఓట్ల వంటి వాటిలోని కరిగే పీచు ప్రేగులలో పిత్తామ్లాలను పట్టి బయటికి పంపుతుందనీ, వాటిని తిరిగి తయారుచేయుటకు కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకొంటుందనీ నేడు తెలుసును.