విడవలూరు నుంచి మద్రాసుకి, హెరాల్డులో

ఇది 1972 మార్చి. ఇంకా తెల్లవారలేదు. విడవలూరులో ఒక రైతు ఇంటి ముందు, తాటాకు పందిరి కింద, లేత నీలం రంగు స్టాండర్డ్ హెరాల్డ్ నిలబడి ఉంది. రాత్రంతా సముద్రం వైపు నుంచి వీచిన గాలికి అద్దాల మీద చెమ్మ పట్టింది. డ్రైవరు పాత పంచె గుడ్డతో తుడుస్తున్నాడు. మీరు వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కన ఎక్కండి. తలుపు మటుకు గట్టిగా లాగకండి. "మెల్లిగా బాబూ, ఆ పిడి చేతికొచ్చేస్తాది," అంటున్నాడు డ్రైవరు. ఈ బండి మీద ఆయనకున్న మమకారం కన్నబిడ్డ మీద ఉండేదే. ఊళ్లో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు.

ఎక్కే ముందు ఒక్కసారి ఇటు వచ్చి చూడండి. రెండు పక్కలా ఉన్న గొళ్లేలు విప్పి, ఆయన బానెట్ పట్టుకుని ముందుకి వాల్చాడు. బానెట్ ఒక్కటే లేవలేదు. లైట్లు, మడ్‌గార్డులు అన్నీ కలిసి బండి ముందుభాగమంతా ముక్కు వైపుకి వాలిపోయింది. ఇంజను, రేడియేటరు, రెండు ముందు చక్రాలు, స్టీరింగు కడ్డీలు అన్నీ లాంతరు వెలుగులో బయటపడ్డాయి. ఇప్పుడాయన చక్రం మీద కూర్చుని నింపాదిగా ఆయిల్ చూసుకుంటున్నాడు. వీధి పిల్లలు పగటిపూట గుంపు కట్టేది ఈ దృశ్యం కోసమే.

ఈ అమరికకి వెనక ఒక కథ ఉంది. 1953లో ఇంగ్లండులో బీఎంసీ అనే కార్ల కంపెనీ వాళ్లు ఫిషర్ అండ్ లడ్లో అనే బాడీలు చేసే సంస్థను కొనేశారు. దాంతో వాళ్లకు పోటీ అయిన స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీకి ఒకే ముక్కగా బాడీ చేసిచ్చేవాళ్లు కరువయ్యారు. అందుకని కింద విడిగా ఒక ఛాసిస్ వేసి, ముక్కలు ముక్కలుగా చేసిన బాడీని దాని మీద బోల్టులతో బిగించారు. దానికి రూపం ఇచ్చినవాడు ఇటలీలో టూరిన్ నగరానికి చెందిన జొవాన్ని మికెలోట్టి. 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా అక్కడ బయటికొచ్చిన ఆ బండే 1961లో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. ముక్కలుగా విడదీసి తెచ్చి బిగించుకునే వీలున్న కారు కావడం మనకి కలిసొచ్చింది. ఇంగ్లండులో హెరాల్డుకి రెండు తలుపులే. మీరు కూర్చోబోయే నాలుగు తలుపుల మార్క్ త్రీ 1968లో మద్రాసులోనే పుట్టింది. చీర కట్టుకున్న పెద్దామె ముందు సీటు మడిచి వెనక్కి దూరడం ఎంత కష్టమో ఆలోచించినవాళ్లెవరో ఆ కంపెనీలో ఉండి ఉండాలని నాకు గట్టి నమ్మకం.

చోక్ లాగాడు. సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి 948 సీసీల చిన్న ఇంజను దగ్గి అందుకుంది. చోక్ తోసేదాకా పెట్రోలు వాసన లోపల నిండుతుంది. ఓర్చుకోండి. డిక్కీలో మద్రాసు చుట్టాలకు మొలగొలుకుల బియ్యం మూట ఎక్కింది. రైతు ముందు సీట్లో, ఆయన భార్య, పెళ్లి కావాల్సిన కూతురు మీ పక్కన. ఎదురింటి పెద్దాయన చేతిసంచితో వచ్చి నిలబడ్డాడు. "నెల్లూరుదాకా నేనూ వస్తానబ్బా." కాదనే ఆచారం ఇక్కడ లేదు. మీరు ఇంకాస్త కిటికీ వైపుకి జరగండి.

ఇప్పుడు చూడండి దీని అసలు గొప్పతనం. ఇరుకు వీధి, ఒక పక్క గడ్డివామి, ఇంకో పక్క పశువుల గాడి. డ్రైవరు స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు, ముందు చక్రాలు ఇక తిరగవేమో అనుకున్న చోట కూడా ఇంకా తిరుగుతున్నాయి. 25 అడుగుల వలయంలో బండి మొత్తం తిరిగొచ్చేస్తుంది, లండన్ టాక్సీకి దీటుగా. పక్కవీధిలో ఉన్న అంబాసిడర్ ఇదే చోట రెండుమూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడితే గానీ తిరగదు.

ఊరు దాటాం. తూర్పున రామతీర్థం వైపు ఆకాశం ఎర్రబడుతోంది. కోతల రోజులు కదా, రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు మిగతా సగంలోంచి ఎడ్లబండ్లను తప్పించుకుంటూ మెల్లగా నడుపుతున్నాడు. కాలవ గట్టు దగ్గర గుంత వచ్చింది. వెనక చక్రాలు ఎగిరి పడిన తీరు మీకు నడుం దగ్గర తెలిసింది. దీని వెనక చక్రాలు రెండూ వేటికవే విడిగా ఊగుతాయి. పైన అడ్డంగా ఒకటే పట్టీల స్ప్రింగు. వెనక మనుషులు నిండి, డిక్కీలో మూట పడితే చక్రాల అడుగులు బయటికి జరిగిపోతాయి. వాటిని వెనక నుంచి చూసినవాళ్లెవరైనా బండి కూలబడిందేమో అనుకుంటారు. ఒక్కడే ఉన్నప్పుడు తేలిగ్గా పరిగెత్తే హెరాల్డ్, ఉమ్మడి కుటుంబాన్ని మోయడానికి మాత్రం కష్టపడేది. మన బండ్లలో మనుషుల్ని లెక్కపెట్టుకుని ఎక్కించుకోం. బాధంతా అక్కడే.

ఈ పక్క పల్లెల్లోదే అలగానిపాడు, పుచ్చలపల్లి సుందరయ్యగారు పుట్టిన ఊరు. భూములున్న ఇంట పుట్టి, పార్లమెంటుకి సైకిలు మీద వెళ్లిన మనిషి. ఆయన పేరు రాగానే కారులో మాటలు ఒక్క నిమిషం ఆగాయి. సైకిలు అంటే గుర్తొచ్చింది, మారిస్ కార్లకు తన పేరిచ్చిన విలియం మారిస్ కూడా ఆక్స్‌ఫర్డులో సైకిళ్లు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టినవాడే. అందుకే ఆయన కారు పేరు మారిస్ ఆక్స్‌ఫర్డ్. దాని మూడో సిరీసే ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో అంబాసిడర్‌గా మారింది.

కోవూరు వచ్చింది. ఆ పైన పెన్న వంతెన. ఎండాకాలం ముందు ఇసుక మేటల మధ్య పాయలుగా నీళ్లు. నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టీకి దిగండి. టాక్సీలన్నీ అంబాసిడర్లే. ఒకదాంట్లోకి తొంగి చూడండి. ముందు కూడా బల్లలాంటి ఒకటే సీటు, గేరు కడ్డీ స్టీరింగు పక్కన. డ్రైవరుతో కలిపి ముందు ముగ్గురు నిక్షేపంగా కూర్చుంటారు. వెనక నలుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు. గుంతల్లో దాని మందపాటి ఉక్కు ఒళ్లు బరువుగా మునిగి లేస్తుంది గానీ విరగదు. టాక్సీ డ్రైవరు మన బండి చుట్టూ తిరిగి, "సొగసుంది గానీ మొయ్యలేదయ్యా," అన్నాడు. "మోత నీకు, సొగసు నాకు," అన్నాడు మన డ్రైవరు. ఇద్దరూ నవ్వుకుని ఒకే బీడీకట్ట పంచుకున్నారు. ఇద్దరి డిక్కీల్లోనూ ఉన్నవి ఇంచీ సైజు స్పానర్లే. మిల్లీమీటర్ల స్పానరు ఈ రెండు బండ్ల నట్లకీ సరిగా కూర్చోదు, అరగదీస్తుంది.

గూడూరుదాకా చల్లగానే సాగింది. నాయుడుపేట చేరేసరికి ఎండ ముదిరి బండి ఎగదన్నడం మొదలుపెట్టింది. రెండు కుదుపులు, ఇంజను ఆగిపోయింది. కంగారు పడకండి. పెట్రోలు పంపు వేడెక్కి లోపల పెట్రోలు ఆవిరైపోయింది, అంతే. చింతచెట్టు నీడకు నెట్టి, బానెట్ వాల్చి, తడిగుడ్డ పంపు మీద వేశాడు. కూతురు మరచెంబులో మంచినీళ్లు అందించింది. పావుగంటలో మళ్లీ బయలుదేరాం. ఈ వైద్యం ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నదీ కాదు. ఇంగ్లండు చలికి గీసిన బండిని మన ఎండలో నడిపిన డ్రైవర్లు కనిపెట్టుకున్నది. ఈ కార్లలో సగం ఇంజనీరింగు కవెంట్రీలోనో ఆక్స్‌ఫర్డులోనో జరిగితే, మిగతా సగం చింతచెట్ల కింద జరిగిందని నేనంటాను.

సూళ్లూరుపేట, తడ, రెడ్‌హిల్స్. ఎడమ పక్కన సముద్రం వైపు ఎన్నూరు. 1948లో మొదలైన అశోక్ మోటార్స్ ఆస్టిన్ ఎ40 కార్లు బిగించింది అక్కడే. తర్వాత లేలాండుతో కలిసి లారీల వైపు మళ్లింది.

మద్రాసు. మౌంటు రోడ్డు పక్కనే జనరల్ ప్యాటర్స్ రోడ్డు. రోడ్డంతా విడిభాగాల దుకాణాలు, ఎక్కడ చూసినా గ్రీజు, రబ్బరు వాసన. తెలుగు, తమిళం కలిసిన బేరాలు. కొత్తది దొరక్కపోతే పుదుపేటకి పోవాలి. అక్కడ విప్పేసిన బండ్ల తలుపులు, గేరుపెట్టెలు కుప్పలుగా ఉంటాయి. మన రైతుకి కావాల్సింది వెనక స్ప్రింగు. దుకాణంలో ఒకటే మాట నడుస్తోంది: ఈ ఏడు స్టాండర్డ్ వాళ్ల కొత్త కారు గజెల్ వస్తోంది, దానికి వెనక ఊగే ఇరుసులు తీసేసి మామూలు ఇరుసు వేశారు. మన రైతు మొహంలో కాస్త దిగులు. తన బండి పాతదైపోతోందని తెలిసింది.

ఇప్పుడు మీరు దగ్గరగా వచ్చి చూడాల్సింది ఒకటుంది. ముసలి మేస్త్రి ఒకాయన హెరాల్డ్ ముందు చక్రం వెనక వంగి, కింద ఉన్న చిన్న ఇత్తడి దిమ్మను వేలితో చూపిస్తున్నాడు. ట్రనియన్. చక్రం తిరిగే బరువంతా దాని మరల మీదే. "దీనికి గ్రీజు కొట్టకూడదు అయ్యా. గేరాయిల్ పొయ్యాలి. గ్రీజు గడ్డకట్టి లోపలికి పోదు, మరలు పొడిబారి ఒకరోజు కడ్డీ పుటుక్కున విరుగుతుంది, చక్రం పడుకుంటుంది." అంబాసిడర్‌కి అలవాటుపడిన షెడ్లలో అన్నిటికీ గ్రీజు గన్ పెట్టేవాళ్లు. అలా చక్రం మడతపడిన హెరాల్డులు రోడ్ల మీద ఎన్నో. తప్పు బండిది కాదు, చెప్పేవాళ్లు లేకపోయారు. మన డ్రైవరు ఆ దిమ్మను తానూ వేలితో తడిమి, తలూపాడు. విడవలూరులో ఆ బండి ఇక ఎంతకాలం నడిచినా ఆ ఒక్క మాట వల్లే.

ఇక దిగండి. ఆ తర్వాత వచ్చిన గజెల్ కూడా 1977లో ఆగింది. స్టాండర్డ్ కంపెనీ చివరి కారు, రోవర్ నమూనాతో చేసిన స్టాండర్డ్ 2000, 1980ల్లోనే ముగిసింది. అంబాసిడర్ మాత్రం 2014 మే దాకా ఉత్తరపాడాలో తయారైంది. ఈ తీరంలో బండ్లను తినేది వయసు కంటే ఉప్పుగాలి. మడ్‌గార్డు మడతల్లో, తలుపుల అడుగున, ఛాసిస్ కొసల్లో తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది, పైన రంగు ఉబ్బేదాకా తెలియదు.

మీ ఇంటి వెనక షెడ్డులో హెరాల్డో అంబాసిడరో టార్పాలిన్ కింద ఉంటే, పాత ఇనుముకి తూకం వేయకముందు ఈ మూడు పనులు చేయండి. ఇంజను బిగుసుకుపోయిందేమో చేత్తో తిప్పి చూడండి. అడుగుభాగం మంచినీళ్లతో కడిగి ఆరనిచ్చి నూనె పట్టించండి. హెరాల్డయితే ట్రనియన్లలో గేరాయిల్ పోయించండి. బండి లేకపోయినా, దాన్ని నడిపిన డ్రైవరో, విప్పి బిగించిన మేస్త్రో మీ ఊళ్లో ఇంకా ఉంటే, ఈ వారమే వెళ్లి ఆయన చెప్పేది ఫోనులో రికార్డు చేసి పెట్టండి. 1972లో స్టీరింగు పట్టినవాళ్లలో చిన్నవాళ్లకే ఇప్పుడు డెబ్బై దాటాయి.