ఆషాఢంలో అప్‌డేట్

నా దగ్గర 2018 చివర్లో రాసిన ఒక కాగితం ఉంది. కుత్బుల్లాపూర్ చింతల్‌లో పెళ్లి వీడియోలు చేసే అన్న ఒకాయన, నేను కలిసి వేసుకున్న లెక్క అది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, వైఫై కార్డు, పెన్‌డ్రైవ్. అడుగున మొత్తం లక్షా పదివేల దగ్గర తేలింది. యాపిల్ తయారు చేయని కంప్యూటర్‌లో యాపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్ నడిపి, దానిమీద ఎడిటింగ్ చేసుకోవాలని మా ప్లాను. ఇలాంటి మిషన్‌ని హ్యాకింటాష్ అంటారు. ఇప్పుడు ఆ కాగితం చదువుతుంటే, ఇరవై ఏళ్ల చరిత్ర అందులో వరసలవారీగా పేర్చినట్టుంది.

అసలు మ్యాక్ ఎందుకు? మన దగ్గర పెళ్లి ఎడిటింగ్ చాలామటుకు విండోస్ మీద, ఎడియస్‌లో జరిగేది. సినిమావాళ్ల చేతిలో మాత్రం ఫైనల్ కట్ కనిపించేది. అడోబీలో ప్రీమియర్‌ని తయారు చేసిన రాండీ ఉబిలోస్ తర్వాత మాక్రోమీడియాకి వెళ్లి మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. 1998లో యాపిల్ దాన్ని కొనేసి, 1999లో విడుదల చేసింది. వాల్టర్ మర్చ్ 2003లో వచ్చిన 'కోల్డ్ మౌంటెన్'ని దానిమీద ఎడిట్ చేశాక, ఇది పెద్ద సినిమాలకీ పనికొస్తుందని లోకానికి తెలిసింది. కానీ అప్పట్లో ఫైనల్ కట్ మ్యాక్ మీద తప్ప నడిచేది కాదు. సాఫ్ట్‌వేర్ ధర కాదు అడ్డం, దాని కింద ఉండాల్సిన పెట్టె ధర.

ఆ పెట్టెని వేరేవాళ్లు తయారు చేసుకునే వీలు ఒకప్పుడు యాపిలే ఇచ్చింది. 1995 నుంచి పవర్ కంప్యూటింగ్ లాంటి కంపెనీలు లైసెన్సు తీసుకుని మ్యాక్ క్లోన్లు అమ్మాయి. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చి ఆ తలుపు మూసేశాడు. పవర్ కంప్యూటింగ్ మ్యాక్ వ్యాపారాన్ని యాపిల్ 10 కోట్ల డాలర్లకు కొనేసింది. రెండో తలుపు అనుకోకుండా తెరుచుకుంది. 2005 జూన్‌లో మ్యాక్‌లని ఇంటెల్ ప్రాసెసర్ల మీదకి మారుస్తున్నామని జాబ్స్ ప్రకటించాడు. డెవలపర్లకి ఇచ్చిన పరీక్ష మిషన్లలో ఉన్నది మామూలు పెంటియం 4. వాటిలోని మ్యాక్ ఓఎస్ బయటికి పాకింది, నెలల్లోనే మామూలు పీసీల మీద లేచి కూర్చుంది. అప్పట్నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దొరికే విడిభాగాలకీ, మ్యాక్‌లో ఉండే విడిభాగాలకీ మధ్య తేడా చాలా తగ్గిపోయింది.

మా కాగితం పుట్టింది అక్కడే. సుచిత్ర నుంచి బోయిన్‌పల్లి, ప్యారడైజ్ మీదుగా చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, షాపు షాపుకీ తిరిగి ధరలు రాసుకున్నాం. గ్రాఫిక్స్ కార్డు వరసలో మొదట ఎన్విడియా అని ఉంటుంది, దాన్ని కొట్టేసి పక్కన ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 అని రాశాం. ఆ సెప్టెంబర్‌లో వచ్చిన మొహావేకి ఎన్విడియా కొత్త కార్డుల డ్రైవర్లు రాలేదు. ఏఎండీకి ఆ బాధ లేదు. యాపిల్ 2017 ఐమ్యాక్‌లో పెట్టింది కూడా ఆ కుటుంబం చిప్పునే. ప్రాసెసర్ ఇంటెలే కావాలి, అదీ లోపల గ్రాఫిక్స్ ఉన్నది, ఎందుకంటే హెచ్.264లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ భాగమే వేగాన్నిస్తుంది. వైఫై కార్డు బ్రాడ్‌కామ్‌ది అయితేనే ఐఫోన్ నుంచి ఎయిర్‌డ్రాప్ సరిగ్గా పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో క్లోవర్ అనే బూట్‌లోడర్. మిషన్ లేవగానే అది మ్యాక్ ఓఎస్ చెవిలో "నేను ఐమ్యాక్‌ని" అని చెబుతుంది.

అంటే, కావలసిన పార్టులు కొనడం కాదు మేం చేసింది. యాపిల్ ఏ పార్టుతో మాట్లాడుతుందో కనిపెట్టి, అదే కొనడం. జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన పెరిగిన అన్నకి ఇది కొత్తగా అనిపించలేదు. అరిగిపోయిన పార్టు తెచ్చిస్తే కొలతలు తీసి, లేత్ మీద అలాంటిదే దించి ఇచ్చేవాళ్లని ఆయన చిన్నప్పట్నుంచీ చూస్తున్నాడు.

ఆ కాగితంలో ఒక వరస మాత్రం లేదు. మ్యాక్ ఓఎస్ ధర. యాపిల్ లైసెన్సు ప్రకారం దాన్ని యాపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్‌లోనే వేసుకోవాలి. ఆ సిస్టమ్ లోపల ఒక ఫైలు పేరే 'డోంట్ స్టీల్ మ్యాక్ ఓఎస్ టెన్', దొంగిలించొద్దని. ఫ్లోరిడాలో సైస్టార్ అనే చిన్న కంపెనీ 2008 ఏప్రిల్‌లో ఇలాంటి మిషన్లని 399 డాలర్ల నుంచి బహిరంగంగా అమ్మింది. జూలైలో యాపిల్ కేసు వేసింది, 2009 డిసెంబర్‌లో కోర్టు అమ్మకాలు ఆపించింది. ఈ సంగతి అన్నకి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "దొంగతనం అంటె మనసుకు ఎట్లనో ఉంటది తమ్మీ. ఫైనల్ కట్ అయితె పైసలు వెట్టే కొంట" అన్నాడు. కొన్నాడు కూడా. దాంతో తప్పు ఒప్పైపోదని ఇద్దరికీ తెలుసు. లక్షలు పోసి మ్యాక్ కొంటే, ఆ అప్పు ఎన్ని పెళ్లిళ్లకి తీరుతుందో కూడా ఇద్దరికీ తెలుసు.

మిషన్ లేచింది. తర్వాత ఆయన భయం చట్టం గురించి కాదు, అప్‌డేట్ గురించి. ఒక్క నొక్కుతో సౌండ్ పోవచ్చు, మొత్తం మిషనే లేవకపోవచ్చు. మాఘం, వైశాఖం, శ్రావణం లాంటి ముహూర్తాల నెలల్లో ఆ బటన్ జోలికెళ్లేవాడు కాదు. కాలిఫోర్నియా నుంచి ఎప్పుడు వచ్చినా సరే, చింతల్‌లో అప్‌డేట్‌కి ముహూర్తం ఆషాఢమే. పెళ్లిళ్లుండవు, చెడిపోయినా బాగుచేసుకునే టైముంటుంది.

చివరికి ఈ దారి మూసింది కోర్టు కాదు. 2020 జూన్‌లో యాపిల్ సొంత చిప్పులకి మారుతున్నట్టు చెప్పింది. నవంబర్‌లో ఎం1 వచ్చింది. ఆ చిప్పు పార్క్‌లేన్‌లో దొరకదు, ఏ బోర్డులోనూ కూర్చోదు. 2025లో వచ్చిన టాహో ఇంటెల్ మ్యాక్‌లకి ఆఖరి వెర్షన్ అని యాపిలే ప్రకటించింది. ఇంకోపక్క అదే ఎం1తో మ్యాక్ మినీని 699 డాలర్లకే పెట్టింది. 2019లో వచ్చిన మ్యాక్ ప్రో 5,999 డాలర్ల దగ్గర మొదలైతే, ఇదెక్కడ! పేదవాడి మ్యాక్ కోసం మేం పడ్డ పాట్లకి యాపిల్ ఆలస్యంగా ఇచ్చిన జవాబు అది. మంచి జవాబే. అన్న కూడా మినీ కొన్నాడు, ఎక్స్‌పోర్ట్ వేగం చూసి మురిసిపోయాడు.

కానీ ఎం1 మినీలో ర్యామ్ చిప్పుతోనే కలిసి వస్తుంది, స్టోరేజీ బోర్డుకే అతుక్కుని ఉంటుంది. కొనే రోజు ఎంత ఎంచుకుంటే జీవితాంతం అంతే. 4కే ఫుటేజీ పెరిగిందని సగంలో ఇంకో ర్యామ్ కర్ర గుచ్చుకోవడం కుదరదు. దానికి కాగితం మీద లెక్క వేసుకోవాల్సినంత ఏమీ లేదు, ఉన్న రెండు మూడు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టడమే. మెషీన్ చవకైంది, దాని మీద మన పెత్తనం తగ్గింది. ఈ బేరం లాభమా నష్టమా అని నన్నడిగితే, పనిచేసుకునేవాడికి లాభమనే చెబుతాను. బాగుచేసుకునేవాడికి మాత్రం కాదు.

పాత హ్యాకింటాష్ ఇప్పుడు విండోస్‌తో, డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో స్టూడియోలో రెండో కుర్రాడి ముందుంది. పోయినేడాది దాని ర్యామ్ రెట్టింపు చేశారు. పార్క్‌లేన్‌కి వాడే వెళ్లి తెచ్చుకున్నాడు.